అరనిమిషం

శేషావతారం గారు మద్రాసులో ప్రొడక్షన్ అసిస్టెంటుగా మొదలై, పన్నెండు సినిమాలు తీసి, టీవీకి వచ్చి, ఒక భక్తి సీరియల్‌ని వెయ్యో భాగం దాకా నడిపించిన నిర్మాత. అంతటి మనిషికి అరనిమిషం దగ్గర చిక్కొచ్చిందండీ.

భాగం చివర పనిచేసిన వాళ్ల పేర్లు వస్తాయి కదా, అవి తీసేస్తే ఆ అరనిమిషంలో ఇంకో ప్రకటన వేసుకుంటామంది ఛానెల్. మొదట్లో వచ్చే నిర్మాత పేరు ఎలాగూ ఉంటుంది. ఈయన సరే అనబోతున్నారు. ఆ సంగతి తెలిసి, సీరియల్లో వేషాలకు బట్టలు కుట్టే దర్జీ కామేశం వచ్చాడు. కుట్టిన బట్టలు అప్పగించి, గుమ్మం దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చూసి వెళ్లిపోయాడు.

అది మనసులో గుచ్చుకుని, శేషావతారం తన గురువు కోటప్పస్వామి ఆశ్రమానికి వచ్చారు.

"పేర్లొచ్చేసరికి జనం లేచిపోతారు స్వామీ. ఎవరు చూస్తారు? మీరు ఊఁ అంటే సాయంత్రం సంతకం పెట్టేస్తాను."

స్వామి ముందు భోజనానికి లేవమన్నారు.

ఆ ఆశ్రమంలో ఒక ఆచారముంది. ముద్ద ఎత్తే ముందు, ఆ పూట కూరలు తరిగిందెవరు, నీళ్లు తోడిందెవరు, వండిందెవరు, స్వామి పేరుపేరునా చెబుతారు. పంక్తిలో అందరూ ఒక్కో పేరుకీ దణ్ణం పెడతారు.

ఆ రోజు స్వామి ఒక్క మాటే అన్నారు. "బియ్యం మన శేషావతారం పంపినవి. కానివ్వండి."

వంటింటి గుమ్మంలో, ఆ పూట వండిన పోలమ్మ అప్పటికే కొంగు సర్దుకుని, చేతులు జోడించి నిలబడి ఉంది. ఆ చేతులు మెల్లగా కిందికి దిగాయి.

శేషావతారానికి ముద్ద ఎత్తబుద్ధి కాలేదు.

"స్వామీ, పేర్లు మరిచారు."

"అన్నం చల్లారిపోతుంది నాయనా. అరనిమిషం కలిసొచ్చింది."

ఆయనకు అమ్మ గుర్తొచ్చింది. మొదటి సినిమాలో ఆయన పేరు తెర మీద రెప్పపాటు కాలం పడింది. చదువురాని ఆ తల్లి రేపల్లెలో అదే సినిమా నాలుగుసార్లు చూసింది. కొడుకు పేరు ఏదో పక్కావిడను అడిగి మరీ, పేరు పడగానే తెరకు దణ్ణం పెట్టింది.

శేషావతారం లేచి వంటింట్లోకి వెళ్లారు. ఒక్కొక్కరినీ అడిగి వచ్చి, పంక్తి ముందు నిలబడి గట్టిగా చెప్పడం మొదలుపెట్టారు. కూరలు తరిగింది సుబ్బాయమ్మ. నీళ్లు తోడింది వెంకటస్వామి. వండింది పోలమ్మ.

"ఉప్పుటూరి పోలమ్మ, బాబూ," గుమ్మంలోంచి సవరించింది ఆవిడ.

"వండింది ఉప్పుటూరి పోలమ్మ."

పంక్తంతా చేతులు జోడించింది.

ఆయన వచ్చి కూర్చున్నారు. స్వామి చెయ్యి చాచి శిష్యుడి విస్తట్లో అన్నాన్ని వేళ్లతో తాకి చూశారు.

"ఇంకా వేడిగానే ఉంది. తిను నాయనా."