పిడికెడు దూది

అనగనగా ఒక కొండంట. కొండమీద కోట, కోటలో నవాబు, నవాబు నెత్తిన గుమ్మడికాయంత తలపాగా. ఒరే బాజీ, ఊ కొట్టరా. నువ్వు ఊ కొట్టకపోతే నేను గోడకి చెప్పుకోవాలా? రమీజా, కాళ్ళు ముడుచుకోవే, దుప్పటంతా నీకేనా?

ఆ. ఆ నవాబుకి ఒళ్ళంతా పొగరు. కొండ కదలదు కాబట్టి కోట కదలదు, కోట కదలదు కాబట్టి నేను కదలను అనేవాడంట. జలాలంతా నాదే అన్నాడంట. జలాల్ అంటే తెలుసుగా? ఆ పైవాడి ఘనత. తలుచుకుంటేనే ఒళ్ళు గడగడలాడాలి. అది ఆయనొక్కడిది. దాన్ని తీసి తన తలపాగాలో చుట్టుకున్నాడు, వీడి మొహం మండ! కోటలోకొచ్చిన ప్రతివాడూ తన ముందు నుదురు నేలకి ఆనించాలని చాటింపు వేయించాడు.

కొండ కింద ఊళ్ళో మనలాగే దూదేకులవాళ్ళు, దస్తగిరి, అతని పెళ్ళాం నాగూరమ్మ. నవాబు పరుపు గట్టిపడింది, దూది ఏకి కొత్తది కుట్టమని కబురొచ్చింది. దస్తగిరి దూది ఏకే విల్లు భుజానేసుకుని వెళ్ళాడు. నుదురు ఆనించమన్నారు. నడుం వంచడానికి వెనకాడే మనిషి కాదమ్మా, పొద్దస్తమానం వంగి ఏకేవాడే కదా. నుదురు మాత్రం అల్లాకి తప్ప ఆనించనన్నాడు. అంతే, తీసుకెళ్ళి బండల మధ్య గుంటలో పడేశారు. నుదురు ఆనించేదాకా చుక్క నీళ్ళు పొయ్యొద్దన్నాడు నవాబు. మండు వేసవి. ఊ కొడుతున్నారా?

నాగూరమ్మ పరుగెత్తుకెళ్ళింది. మొదటిరోజు కాపలావాళ్ళ కాళ్ళు పట్టుకుంది, తోసేశారు. రెండోరోజు కడవతో నీళ్ళు తెచ్చింది, కడవ పగలగొట్టారు. యా అల్లా, నీ కోసమే కదా నా మొగుడు అక్కడ ఎండిపోతున్నాడు, నీకు కనపడటంలేదా అని ఏడ్చింది. ఎండ ఎండలాగే ఉంది.

మూడోరోజు కొత్త పరుపు తెచ్చానని చెప్పి, నెత్తిన ఇంత మూట పెట్టుకుని నవాబు ముందుకెళ్ళింది. నెత్తిన మూట ఉంటే తలెలా వంచుద్ది? గడుసుది. మూట విప్పితే ఏముంది, ఒక గంప. గంపలో పిడికెడు దూది.

ఇదేం పరుపే అని నవాబు అరిచాడు. పీనుగ ముక్కుల్లో చెవుల్లో పెట్టడానికి చావింటికి మేమిచ్చేది ఇంతేనయ్యా అంది నాగూరమ్మ. కూలోడికి పిడికెడే, నవాబుకీ పిడికెడే, మా వాళ్ళు ఎక్కువ ఇవ్వరు. లోకం అంతమయ్యే ఖయామత్ రోజున అల్లా కొండల్నే దూదిలా ఏకేస్తాడంట. కొండ దూదైతే నీ కోటెక్కడ, కోట లేకపోతే నువ్వెక్కడ, నువ్వే లేకపోతే నీ తలపాగా ఎక్కడ అని అడిగింది.

ముందు తలపాగా పడింది, దాని వెనకే నవాబు పడ్డాడు. తోబా తోబా అని నుదురు నేలకేసి కొట్టుకున్నాడు. గుంట తెరవండి, నీళ్ళు తీసుకెళ్ళండి అన్నాడు.

తెరిచారు. దస్తగిరి సజ్దాలో ఉన్నాడు, పడమటికి తిరిగి, నుదురు నేలమీద పెట్టి. నాగూరమ్మ పిలిచింది. మళ్ళీ పిలిచింది. లేవలేదు.

తర్వాతేముంది. నవాబు మంచోడయ్యాడు, జనం సుఖపడ్డారు. నాగూరమ్మ ఆ పిడికెడు దూదీ మొగుడికే పెట్టింది. నీతేంటంటే, ఘనత ఆయనది, మనం తల వంచాలి. వంచుతాం, ఏం చేస్తాం! నాకైతే భయం తప్ప ఇంకేం మిగల్లేదు.

ఏంటే రమీజా, లేచి కూర్చున్నావ్? ఏంటి, ఎప్పుడూ దస్తగిరి నీళ్ళు తాగి, లేచి ఇంటికొస్తాడా? ఇద్దరూ కలిసి నవాబుకి పరుపు కుడతారా? అవునే, అలాగే చెప్పేదాన్ని. మీ తాత ఆ మంచంమీద పడుకుని దగ్గుతూ వినేవాడు కదా. ఆయన వింటుంటే ఇంకోలా ఎలా చెప్తానే?

నేనూ అడిగాను తల్లీ. మీ తాత మంచాన పడ్డ ఆ మూడు నెలలూ ప్రతి నమాజులోనూ అడిగాను. మొన్న ఆయనకి పెట్టిన పిడికెడు దూదీ నేనే ఏకాను. మీ తాత విల్లుతోనే.

సరే, కథ కంచి దారి పట్టింది. మనం ఇంట్లోనే మిగిలాం. ఇటు జరగండి, ఇద్దరూ నా పక్కన పడుకోండి.