సన్నగూళ్ల విత్తనం

మడకశిర పక్కన ఒక చిన్న మఠం. అక్కడి పొయ్యి వెలిగేది పట్టుపురుగుల పెంపకం మీదే. ప్రశ్న అడిగినవాడి చేతికి ముందు ఏదో ఒక పని అప్పగించడం గురువు నంజుండయ్యగారి అలవాటు. పని ముగిసేసరికి సగం మంది తామేం అడిగారో మరిచిపోయేవారు. అది ఆయనకు మహా సంతోషం.

శిష్యుడు ఓబులేసు మాత్రం మరిచిపోయే రకం కాదు. ఆ ఉదయం మఠంలో అందరి తరఫునా అతనే వచ్చాడు. గేటు దగ్గర కాపలా ఉండే వీరన్న, బియ్యం తెచ్చిన ఒక పెద్దమనిషిని నిలేసి బస్తా విప్పి చూపించమన్నాడట. ఆయన అలిగి బస్తాతో సహా వెనక్కి పోయాడు.

"దొంగసాములు తిరిగే కాలంలో ఈయప్ప అనుమానమే మనల్ని కాపాడింది, కాదన్ను. ఇప్పుడు దొంగలు యాడొస్తాండారు స్వామీ? ఇంకా ఎందుకు పెట్టుకోవాల? పొమ్మనేదానికి మీ మాట కోసం వచ్చినా."

గురువుగారు పట్టుగూళ్లున్న రెండు పెద్ద తట్టలు చూపించి, "విత్తనానికి గూళ్లు ఏరు నాయనా" అన్నారు.

ఒక తట్టలో గూళ్లు బొద్దుగా ఉన్నాయి. ఓబులేసు వాటిని విత్తనానికి, అంటే వచ్చే పంటకు గుడ్లు పెట్టించడానికి, ఏరిపెట్టాడు. రెండోదానిలోవి సన్నంగా, పీలగా ఉన్నాయి. వాటిని మొత్తంగా దారం తీసే గంపలోకి ఒంపేశాడు. గంప వేడినీళ్ల దగ్గరికి పోతే లోపలి పురుగులు చచ్చి ఆ జాతి అంతటితో సరి. గురువుగారు గంప పట్టుకుని ఆపారు.

"ఊజీ ఈగ పంట మీద పంట తినేసిన రోజులు గుర్తున్నాయా?"

ఎందుకు గుర్తుండవు! ఈగ పురుగు ఒంటి మీద గుడ్డు పెడుతుంది, దాని పిల్ల లోపలికి తొలుచుకుపోయి పురుగును తినేస్తుంది. అలా తట్టలకు తట్టలు పోతుంటే, ఏవో కొన్ని మాత్రం నల్లమచ్చతో బతికాయి. వాటి నెత్తురు ఈగపిల్లను చుట్టుముట్టి లోపలే బిగించి చంపింది. ప్రతి పంటలోనూ అలా మిగిలినవాటినే గురువుగారు విత్తనానికి ఉంచారు. రానురాను బతికేవి ఎక్కువయ్యాయి. ఆ సంతతే ఈ సన్నగూళ్లు. తర్వాత కిటికీలకు వలలు వచ్చాయి, ఈగ బెడద తీరింది, బయటినుంచి బొద్దు గూళ్ల జాతీ వచ్చింది.

"మరి గూడు ఇంత పీలగా కడతాయేం స్వామీ?"

"ఒంట్లో కాపలా పెట్టుకున్నాయి గదా. ఆ కాపలాకూ తిండి పెట్టాల. అది పట్టులోంచే పోతుంది."

"ఈగ ఇంక రాకనే పోతే?"

"రాకపోతే సంతోషమే. కాస్త పట్టు తగ్గుతుంది, అంతే." గురువుగారు గంపలోంచి రెండు దోసిళ్ల సన్నగూళ్లు తీసి, బొద్దువాటి పక్కనే విత్తనానికి వేరుగా పోశారు.

ఓబులేసుకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. పొద్దున మోసుకొచ్చిన కోపం మాత్రం ఎటు పోయిందో తెలియలేదు.

"వీరన్న అప్పుడే మూట కట్టుకోని గేటుకాడ కూచోనుండాడు స్వామీ. ఏమని చెప్పేది?"

"అన్నం చల్లారిపోతాందని చెప్పు."