చిలప పట్టిన చేతులు

మణికంఠకి వచ్చిన చిక్కల్లా ఒక్కటే. వెబ్‌సైటు పూర్తయి పది రోజులైంది, మాస్టారు ఇంకా అప్పగించమనడం లేదు.

నరసాపురంలో సత్యానందం మాస్టారిది ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూటు. టైపు మిషన్లు మూలపడ్డాక ఆ గదిలోనే కంప్యూటర్లు పెట్టి వెబ్‌సైట్లు కట్టడం మొదలుపెట్టారు. ఎవరో పుణ్యాత్ములు తయారుచేసి లోకానికి ఊరికే ఇచ్చేసిన వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ మీదే ఆయన పనంతా. మణికంఠ రెండేళ్ళుగా ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నాడు. లేసు అల్లే ఆడవాళ్ళ సంఘానికి కట్టిన ఈ సైటు వాడు ఒంటిచేత్తో చేసిన మొదటిది. ఇది నెగ్గితే ఇకమీద పనులు సొంతంగా ఒప్పుకోవచ్చని మాస్టారు మాటిచ్చారు.

సైటు చూడముచ్చటగానే ఉంది. కాకపోతే వర్డ్‌ప్రెస్‌కి తగిలించుకునే ప్లగిన్లని ఉంటాయి. ఒక్కోటీ ఒక్కో అదనపు పని చేసిపెడుతుంది, చాలావరకు ఉచితం. ఊరికే వస్తే ఫినాయిలైనా తాగే వయసు మణికంఠది. ముప్ఫై ఒకటి తగిలించాడు. ఫొటోలు గిరగిరా తిప్పేది ఒకటి, వచ్చినవాళ్ళకి గంట కొట్టి స్వాగతం చెప్పేది ఒకటి, తెర మీద మంచు కురిపించేది ఒకటి. నరసాపురంలో మంచేమిట్రా అని అడిగే నాథుడు లేకపోయాడు.

"మాస్టారూ, ఇంకా ఏం తక్కువైందండి?" అని చివరికి అడిగేశాడు, కాస్త ఉక్రోషంగానే.

"తక్కువేం కాలేదు," అన్నారు మాస్టారు. "రేపు దీనమ్మగారిని రమ్మను."

దీనమ్మ ఆ సంఘానికి కార్యదర్శి. యాభై దాటిన మనిషి. సోమవారం హైదరాబాదులో ఎగ్జిబిషన్‌కి వెళ్తోంది. సైటు పేరుతో కార్డులు కూడా అచ్చయిపోయాయి. అక్కడికి వెళ్ళాక కొత్త డిజైన్లు ఎప్పటికప్పుడు ఆవిడే సైటులో పెట్టుకోవాలి. సంఘానికి ఇంతకుముందు రెండు సైట్లుండేవి. కట్టినవాళ్ళు బాగానే కట్టారు. కానీ ఒక్క ఫొటో మార్చాలన్నా వాళ్ళకి ఫోన్ చెయ్యాలి, వాళ్ళేమో ఎత్తరు. అలా రెండూ పాత ఫొటోలతోనే పాడుబడ్డాయి. మూడోది కూడా అంతే అయితే కొనేవాళ్ళు మళ్ళీ తమ మొహం చూడరని ఆవిడ బెంగ.

మర్నాడు పొద్దున్నే ఒక చేతిలో సంఘం లాప్‌టాప్, ఇంకో చేతిలో దారం సంచితో వచ్చింది.

"కూర్చోండమ్మా," అన్నారు మాస్టారు. "కొత్త టేబుల్ క్లాత్ ఫొటో ఉందన్నారుగా. అది సైటులో పెట్టండి, చూద్దాం."

ఆవిడ చెయ్యి మౌసు దాకా వెళ్ళేలోపే మణికంఠ చెయ్యి దానిమీదుంది. "ఇలా ఇవ్వండి, నేను చూపిస్తాను. చాలా ఈజీ అండి." టకటకా ఏడెనిమిది చోట్ల నొక్కి చూపించి, మళ్ళీ మొదటికి తెచ్చాడు. "ఇంతే. చూశారుగా?"

"చూశాను బాబూ," అంది దీనమ్మ, ఏమీ అర్థంకాని గొంతుతో.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "దీనమ్మగారూ, మీ సంచిలో దారం ఉందా?"

"చిలపలున్నాయండి. ఉండలు చుట్టుకోవాలి. తీరికేదీ?"

"ఒకటిలా ఇవ్వండి. మణీ, కుర్చీ ఇటు లాక్కుని చేతులు చాపు."

మెలితిప్పి కట్టిన ఆ దారపు చిలప విప్పి వాడి రెండు మణికట్లకీ దండలా తొడిగారు. ఎదురుగా కూర్చుని, కొస వెతికి పట్టుకుని, తీరిగ్గా ఉండ చుట్టడం మొదలుపెట్టారు. మణికంఠ దండం పెట్టబోయి మధ్యలో ఆగిపోయినవాడిలా కూర్చున్నాడు.

"ఇప్పుడు పెట్టండమ్మా."

దీనమ్మ తెర వైపు వంగింది. ఎడమపక్క మీటల వరస పైనుంచి కిందిదాకా ఉంది. పైన రంగురంగుల చీటీలు, ఒకదాని కింద ఒకటి. ప్రతి ప్లగినూ తన గోడు తాను చెప్పుకుంటోంది. ఆవిడ ఒక్కోటీ కూడబలుక్కుని భక్తిగా చదివింది.

"ఐదు నక్షత్రాలు ఇమ్మంటున్నాడు బాబూ. ఇచ్చెయ్యనా?"

"వద్దండి, అది కాదు, ఆ కింద..." మణికంఠ చెయ్యి ముందుకు వెళ్ళింది. దారం బిగుసుకుంది.

"కదలకు. చిక్కుపడుతుంది," అన్నారు మాస్టారు.

"మరి ఏది నొక్కమంటావు బాబూ?"

"బాబు ఊళ్ళో లేడమ్మా," అన్నారు ఆయన ఉండ తిప్పుతూ.

దీనమ్మ వెనక్కి తిరిగింది. రెండు మూరల దూరంలో చేతులు చాపుకుని కూర్చున్న బాబుని చూసింది, మాస్టారి మొహం చూసింది. పెదాల చివర నవ్వు దాచుకుంది. "ఎప్పుడొస్తాడండి?"

"ఏమోనమ్మా. ఫోన్ ఎత్తడం లేదు."

మణికంఠకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మాట్లాడితే లేనివాడు మాట్లాడినట్టవుతుంది. అందుకని తెర వైపు చూశాడు. ఇన్నాళ్ళూ ఆ తెరని వాడు చూడనిది లేదనుకున్నాడు గాని, మౌసు చేతిలో లేకుండా చూడటం ఇదే మొదలు.

ఆవిడ ఒక మీట నొక్కింది, ఏవో అంకెలొచ్చాయి. ఇంకోటి నొక్కింది, పాస్‌వర్డ్ మార్చమంది. బెదిరి వెనక్కి వచ్చింది. మూడోది నొక్కేసరికి సైటు మీద తెల్లగా మంచు రాలడం మొదలైంది.

"అయ్యో, ఎంత బాగుందండీ," అంది. కాసేపు చూసింది. ఆపడం ఎలాగో తెలియక మళ్ళీ అదే నొక్కింది. మంచు ఇంకా ఎక్కువైంది. మాస్టారు తలొంచుకుని దారం చుడుతున్నారు గాని ఆయన భుజాలు కదులుతున్నాయి.

పావుగంట గడిచింది. టేబుల్ క్లాత్ ఎక్కడా రాలేదు. దీనమ్మ మౌసు వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"నా బుర్రకి ఎక్కదులే బాబూ. నువ్వు బాగానే కట్టావు. లోపం నాలో ఉంది."

మణికంఠ ఆవిడ చేతుల వైపు చూశాడు. ఆ చేతుల్ని సంఘంలో చూశాడు వాడు. కబుర్లు చెబుతూ, కిందికి చూడకుండానే, మూడొందల గళ్ళు ఒక్కటీ లెక్క తప్పకుండా అల్లే చేతులు. అలాంటి మనిషి తప్పంతా తనమీద వేసుకుంటుంటే వాడికి నిజంగా సిగ్గేసింది.

చిలప అయిపోయింది. మాస్టారు ఉండని దీనమ్మ చేతిలో పెట్టి, "టీ తాగొస్తా," అని లేచి వెళ్ళిపోయారు.

చేతులు విడిపోయినా మణికంఠ మౌసు జోలికి పోలేదు. కుర్చీ ఆవిడ పక్కకి జరుపుకున్నాడు.

"దీనమ్మగారూ, హైదరాబాదులో మీరు దీంట్లో ఏమేం చెయ్యాలండి?"

"ఏముంది బాబూ. ఫొటో పెట్టాలి. దాని పేరు రాయాలి. ధర వెయ్యాలి. అంతేగా?"

"అంతేనండి," అన్నాడు నెమ్మదిగా.

ఆ తర్వాత పీకడం మొదలుపెట్టాడు. స్వాగతం చెప్పే గంట పోయింది, మంచు పోయింది, నక్షత్రాలు అడిగేవాడు పోయాడు. ముప్ఫై ఒకటిలో నాలుగు మిగిలాయి. ఎవరికి ఏది కనబడాలో అంతే కనబడేలా చేసుకునే వీలు వర్డ్‌ప్రెస్‌లో మొదటినుంచీ ఉన్నదే. వాడికి దానితో అవసరం పడలేదు, అంతే. మధ్యాహ్నానికి దీనమ్మ తెర మీద ఒక పెద్ద మీట, అది నొక్కితే మూడు గళ్ళు మిగిలాయి. ఫొటో, పేరు, ధర. తెలుగులో.

"ఇప్పుడు చూడండి," అని చెప్పి, తన చేతుల మీద తనకే నమ్మకం లేక, వాడు వరండాలోకి వెళ్ళి నిలబడ్డాడు.

లోపలినుంచి మౌసు చప్పుడు వస్తోంది. ఒకసారి "ఆఁ, ఇదా," అని వినబడింది. ఇంకోసారి ఏదో కూనిరాగం. మణికంఠ గుమ్మం దాకా వెళ్ళి రెండుసార్లు వెనక్కి వచ్చాడు. ఆఖరికి ఉండబట్టలేక తన ఫోన్లో సైటు తెరిచాడు.

టేబుల్ క్లాత్ వచ్చేసింది. పేరుంది, ధరుంది. పెరట్లో ఎండలో పరిచి తీసినట్టున్నారు. అందమైన ఆ తెల్లటి అల్లిక మీద, సరిగ్గా నడిమధ్యన, ఫొటో తీస్తున్న దీనమ్మ నీడ కొప్పుతో సహా పడింది.

టీ తాగి వచ్చిన మాస్టారు పక్కన నిలబడి ఫోన్లోకి తొంగిచూశారు.

"నీడ పడిందండి," అన్నాడు మణికంఠ. వాడి వేళ్ళు అప్పుడే ఫొటో మీదకి వెళ్తున్నాయి. "ఒక్క నిమిషం మాస్టారూ, తీసేస్తాను."

"ఉండనియ్యి, ఇక అప్పగించెయ్యి," అన్నారు మాస్టారు. "ఆవిడ నీడే కదా."