తెల్ల వంకాయ

కొడుకు బాలసారె నాడే గవరయ్య ఇల్లు విడిచి మఠానికి వచ్చేశాడు. అప్పటినుంచి సన్యాసం ఇప్పించమని పూర్ణగిరి స్వామి ప్రాణం తోడేస్తున్నాడు.

కారణం పసివాడి కళ్ళు. పిల్లికళ్ళు. గవరయ్య వైపు ఎవరికీ లేవు, భార్య పైడమ్మ వైపూ లేవు. ఉయ్యాల చుట్టూ చేరిన అమ్మలక్కలు "ఎవరి పోలికో!" అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బాలింత తల దించుకుంది. ఆ తల ఎత్తించాల్సినవాడు చెప్పులేసుకుని బయటికి నడిచాడు.

స్వామి నచ్చజెప్పి చూశాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

"సంసారం మీద విరక్తి పుట్టింది స్వామీ," అన్నాడు గవరయ్య, ఆ పొద్దున కూడా.

"రాత్రి పులుసు మారు అడిగి మరీ వడ్డించుకున్నావు. ఏం విరక్తయ్యా నీది?"

"అది కాదు స్వామీ. విత్తు ఒకటి పెడితే చెట్టు ఇంకొకటి మొలుస్తుందా? మీరే చెప్పండి."

స్వామికి ఒళ్ళు మండింది. లేచి పెరట్లోకి నడిచాడు. మఠం వంకాయ మడి ఏటా గవరయ్య వేసేదే. నల్ల వంకాయల వరసలో ఒక్క చెట్టు మాత్రం తెల్లగా కాసింది. స్వామి వంగి దాని మొదలు పట్టుకున్నాడు.

గవరయ్య పరుగెత్తుకొచ్చాడు. "పీకకండి స్వామీ, కాపు మీదుంది."

"మన చెట్టు కాదిది. ఎవడో దొంగ విత్తనం కలిపాడు."

గవరయ్యకు రోషం పొడుచుకొచ్చింది. "నా చేత్తో ఎండబెట్టి, బూడిద పట్టించి, కుండలో దాచిన విత్తనమది. పొరుగు గింజ ఒక్కటి పడలేదు."

"నల్ల వంకాయ గింజకు తెల్లది కాస్తుందటయ్యా? పోలిక ఉండద్దూ?"

"ఎందుకు కాయదు స్వామీ? పాతకాపుల్లో ఎప్పుడో ఒక తెల్లది ఉండుంటుంది. ఆ తెలుపు నలుపు చాటున దాక్కుని ఎన్ని కాపులైనా నడుస్తుంది. అటునుంచీ ఇటునుంచీ ఒకే గింజలో కలిసిందా, బయటపడుతుంది. అంతమాత్రానికి తల్లిచెట్టును దొంగదంటే..."



స్వామి చెట్టు వదిలేసి చేతుల మట్టి దులుపుకున్నాడు.

"వంకాయ తరఫున ఇంత వకాల్తా పుచ్చుకున్నావే. పైడమ్మ వంకాయపాటి చేయదా?"

గవరయ్య చెప్పులు వెతుక్కున్నాడు.