గంటకు పడిన శిక్ష

సముద్రాలకు ఆవల, ఇటలీ కొండల నడుమ ఒకానొక చిన్న రాజ్యం ఉండేది. దాని ప్రభువు అర్దుయినో. తాను తుమ్మినా నలుగురూ చప్పట్లు కొట్టాలనుకునే రకం.

ఆ ఊరికి సెవెరినో అనే క్రైస్తవ సన్యాసి వచ్చాడు. విలాసాలు పాపమనీ, ప్రభువుల అన్యాయం అంతకన్నా పాపమనీ చర్చిలో గర్జించాడు. జనం ఊగిపోయారు. అద్దాలు, పట్టుబట్టలు, వాద్యాలు తెచ్చి చర్చి ముందరి మైదానంలో మంట పెట్టారు. మూడేళ్లు ఊరంతా ఆయన మాట మీదే నడిచింది. ప్రభువు నోరు మూసుకుని కూర్చున్నాడు. తర్వాత కరువొచ్చింది, రోము నుంచి పోపుగారి ఆగ్రహమూ వచ్చింది. "స్వామీ" అన్న నోళ్లే "కాల్చండి" అన్నాయి. ఎంత సిగ్గుమాలిన జనమో చూడండి!

సన్యాసిని చెరలో వేసిన రోజు నుంచి చర్చి గంట, ఎవరూ తాడు లాగకుండానే, సన్నగా మూలగసాగింది.

తీర్పునాడు మైదానంలో కట్టెలు పేర్చారు. ఆస్థాన విదూషకుడు జెప్పోకి ఆ మంట ఎలాగైనా ఆపాలని ఉంది. వంగి దణ్ణం పెట్టాడు.

"ఏలినవారు సన్యాసిని ఒక్కణ్ణే శిక్షిస్తారా? జనాన్ని పోగుచేసింది ఆ గంట కాదూ? వినండి, ఇంకా పిలుస్తూనే ఉంది."

ప్రభువు చెవులు మూసుకున్నాడు. "నిజమే! ఇద్దరి మీదా ఒకే నేరం రాయండి. ముందు గంటను దింపి కొరడాతో కొట్టండి!"

తలారి కొట్టాడు. దెబ్బదెబ్బకీ గంట మనిషిలా ఏడ్చింది. ఏడో దెబ్బకి వాడు కొరడా పారేశాడు.

"నావల్ల కాదు దొరా. చచ్చిపోయిన మా అమ్మ గొంతులా ఉంది."

జనంలో ఎవరికి వారికి తమ చనిపోయినవాళ్ల గొంతులు వినబడుతున్నాయి. అందరూ మోకాళ్ల మీద కూలబడ్డారు.

"దీన్ని దేశం దాటించండి!" అంటూ ప్రభువు తీర్పు మీద ముద్ర వేశాడు.

జెప్పో నెమ్మదిగా అన్నాడు. "ఒకే నేరం చేసినవాళ్లకు ఒకే శిక్ష అని తమ తాతగారి శాసనం. మరి సన్యాసికీ దేశం దాటింపేగా, మహాప్రభో?"

"దొంగా! అయితే గంటనూ కాలుస్తాను!"

"చిత్తం. నిప్పు పెట్టేవాణ్ణి పిలవండి."

ఎవరూ కదల్లేదు. ప్రభువే ఒకడుగు వెనక్కి వేశాడు. జెప్పో ఎత్తు అర్థమై పకపకా నవ్వాడు.

"నన్నే బోల్తా కొట్టించావురా! ఏం కావాలో కోరుకో."

"గంటను తీసుకెళ్లే బండిలో ఆయనకు కాస్త చోటు."

బండి ఎక్కుతూ సన్యాసి ఆగాడు. "నీ వీణను మంటలో వేయించింది నేనే. నన్నెందుకు కాపాడావు నాయనా?"

"మీ మీద కోపం పోలేదు స్వామీ, పోదు కూడా. కానీ ఆ మంటలో తీగలు ఒక్కొక్కటే తెగుతుంటే విన్నాను. అక్కడ మనిషి అరుపు వినడం నావల్ల కాదు."