రెప్ప వేసిన వార్మర్

ఎలక్ట్రానిక్ పరికరాల తయారీలో పేరుమోసిన తాడికొండ సూర్యప్రభ గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులెవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కాదు, చెప్పులు వేసుకుని బయల్దేరేవారు. వెనకాలే వెళ్లినవాళ్లకి జవాబు దొరికేది. కదలనివాళ్లకి కాఫీతో సరి.

ఆమె దగ్గర పని నేర్చుకుంటున్న మస్తాన్‌వలీ ఒకరోజు అడిగాడు. "మేడమ్, ప్రాసెసర్ అంత తెలివైంది కదా, దాని పక్కన ఈ రీసెట్ చిప్పు దేనికండీ? ఓల్టేజీ తగ్గితే ఆపెయ్యడం తప్ప దానికి ఇంకో విద్య రాదు."

ఆ అడగడంలో కాస్త గర్వం కూడా ఉంది. అప్పుడే పుట్టిన బిడ్డల్ని వెచ్చగా ఉంచే వార్మర్ కోసం గురువూ శిష్యుడూ చెరో సర్క్యూట్ బోర్డు చేశారు. ఆమె దాంట్లో ఆ చిప్పు ఉంది, అతని దాంట్లో లేదు. ప్లగ్గు ఎన్నిసార్లు పీకి పెట్టినా అతని బోర్డు చక్కగా లేచి కూర్చునేది. పీకడానికీ పెట్టడానికీ నడుమ ఇంకో స్థితి ఉంటుందని అతనికి తట్టలేదు. లో ఓల్టేజీకి ఫ్యాన్లు ఈడ్చుకుంటూ తిరిగే ఊళ్లో పెరిగినవాడు ఆ సంగతి ఎలా మరిచాడో మరి.

సూర్యప్రభ గారు చెప్పులు వేసుకున్నారు. రెండు వార్మర్లూ తీసుకుని ఇద్దరూ పిల్లల ఆసుపత్రికి వెళ్లారు. పెద్ద డాక్టరు రాజ్యలక్ష్మి గారు ఏది మెచ్చితే అదే అన్ని వార్డులకీ వెళ్తుంది. వలీ సొంతంగా చేసిన మొదటి బోర్డు అది. ఖాళీ పడకల మీద రెండు తెరలూ ముప్ఫై ఆరు డిగ్రీలు చూపిస్తున్నాయి.

అంతలో కింద ఎక్స్‌రే మెషిన్ వేశారు. ట్యూబ్‌లైట్లు మసకబారాయి, ఫ్యాన్లు నీరసించాయి. మేడమ్ వార్మర్ టక్కున ఆగిపోయింది. వెలుతురు తిరిగొచ్చినా వెంటనే లేవలేదు. ఓల్టేజీ నిలకడగా ఉందని రూఢి అయ్యేదాకా ఆ చిప్పు ప్రాసెసర్‌ని కదలనివ్వలేదు. ఆ తర్వాతే మళ్లీ మొదట్నుంచి మొదలై ముప్ఫై ఆరుకి వచ్చింది. వలీ వార్మర్ మాత్రం రెప్ప కూడా వేయలేదు.

రాజ్యలక్ష్మి గారు ముచ్చటపడి, ఇదే తీసుకుంటామని చెప్పి, నర్సుతో మాటల్లో పడ్డారు. వలీ ఛాతీ ఉప్పొంగింది. ఓరకంట చూస్తే మేడమ్ ఎటో చూస్తున్నారు.

అప్పుడు తన వార్మర్ తెర మీద వలీ చూపు పడింది. డెబ్బై. చాలినంత ఓల్టేజీ అందని ఆ క్షణంలో ప్రాసెసర్ ఆగకుండా ఏదో తప్పు లెక్క కట్టి, ఉండాల్సిన వేడి ఇంత అని రాసి పెట్టుకుంది. ఇప్పుడు దాన్నే నమ్మి, మహా శ్రద్ధగా పడకని కాలుస్తోంది. ఎవరూ గమనించినట్టు లేదు. ఒక్క బటన్ నొక్కి అంకె సరిచేస్తే గెలుపు తనదే. వేలు బటన్ దాకా వెళ్లింది కూడా.

అక్కడే ఆగింది. వలీ తెరని డాక్టరు గారి వైపు తిప్పాడు.

"నాది తీసుకోకండి డాక్టరు గారూ. ఇది ఆగాల్సిన చోట ఆగలేదు. మా మేడమ్ చేసింది ఆగింది."

అన్నాడు, తల వంచకుండా. డాక్టరు గారు పడక మీద చెయ్యి పెట్టి, చురుక్కుమని తీసేసి, పక్క వార్మర్ దగ్గరికి నడిచారు.

తిరుగుదారిలో సూర్యప్రభ గారి నడకలో ఎన్నడూ లేని ఠీవి కనిపించింది. గెలిచింది ఆమె బోర్డే కదా, ఆ మాత్రం ఉంటుందిలే అనుకున్నాడు వలీ. ఇకమీదట ఆ చిప్పు లేకుండా బోర్డు చెయ్యనని, తన ప్రశ్నకి జవాబు దొరికిందని చెప్పాడు.

ఆవిడ నిలబడి అతన్ని ఎగాదిగా చూశారు. కళ్లలో సంతోషం దాచుకోలేదు.

"వెలుగుతున్నంతసేపూ తను బాగానే ఉన్నాననుకుంటుంది ప్రాసెసర్. అందుకే పక్కన ఆ చిప్పు పెడతాం నాయనా. మరి ఇందాక బటన్ మీద నీ వేలు ఆపిందెవరు?"