తలకిందులైన హంసలు

ధర్మవరంలో పట్టుచీరలు నేయించే ఓబులేసు మంచి పనిమంతుడే గానీ, ‘నాకు తెలియదు’ అనే మాట మాత్రం ఆయన నోట్లోంచి ఎన్నడూ వచ్చేది కాదు. ఎవరైనా దారి అడిగితే తాను చూడని ఊరికి కూడా దారి చెప్పేవాడు. ఆ పుణ్యాన ఒకసారి కదిరి వెళ్ళాల్సిన పెళ్ళివారి బస్సు పెనుకొండ చేరింది. పక్కింటివాళ్ళ మందుచీటీ చూసి, ఇది ఫలానా జబ్బుకని డాక్టరు కన్నా ముందే చెప్పేవాడు. ఇవన్నీ నవ్వుకునే సంగతులు. నవ్వుకోలేనిది ఇంకొకటి ఉంది.

ఓబులేసు షెడ్డులో పన్నెండు మగ్గాలు ఉండేవి. చీర అంచులో హంస రావాలన్నా, కొంగులో పువ్వు రావాలన్నా, ముందు ఆ బొమ్మను గళ్ళ కాగితం మీద గీసి, ఆ గళ్ళ ప్రకారం గట్టి అట్టలకు రంధ్రాలు కొట్టాలి. ఆ అట్టలు మగ్గం పైన తిరుగుతుంటే, వాటిని బట్టి పోగులు లేస్తాయి. ఈ అట్టలు కొట్టే పని ఇరవై ఏళ్ళుగా రమీజాబీ చేసేది. గళ్ళ కాగితం ఒక్కసారి చూస్తే చాలు, చీర ఎలా వస్తుందో చెప్పేసేది. ఆమె కొట్టిన అట్టల్లో తప్పు పడిందన్న మాట ఆ షెడ్డులో ఎవరూ వినలేదు.

అంతలో కాలం మారింది. ఊళ్ళో ఒక్కొక్కరే అట్టలు మానేసి, మగ్గాలకు కంప్యూటర్ పెట్టెలు బిగించుకున్నారు. నెల పట్టే డిజైన్ రెండు రోజుల్లో మగ్గమెక్కసాగింది. ఓబులేసు కూడా వెనకబడలేదు. పన్నెండు మగ్గాలకూ పెట్టెలు బిగించి, షెడ్డు పక్క గదిలో కంప్యూటర్ పెట్టించాడు. ఇంతవరకూ ఆయన్ని తప్పుపట్టడానికేమీ లేదు.

పని నేర్పడానికి కంపెనీ మనిషి వచ్చి మూడు రోజులు ఉన్నాడు. నేతగాళ్ళను కూడా పిలవమని అతడు అడిగాడు. గళ్ళు చదవడం తనకు వచ్చు కాబట్టి తననూ చూడనిమ్మని రమీజాబీ అడిగింది. ఓబులేసు ఒప్పుకోలేదు. ముందు తాను నేర్చుకుని, తరువాత అందరికీ నేర్పుతానన్నాడు. ఆయన భయం వేరే. తనకు అర్థం కాని సంగతి పనివాళ్ళకు అర్థమైపోతే పరువేం కావాలి? మూడు రోజులూ ఒక్కడే కూర్చుని, చెప్పినదానికల్లా తల ఊపాడు. సగం బోధపడలేదు, అయినా అడగలేదు. కంపెనీ మనిషి వెళ్ళిపోయాక గదికి తాళం వేసి, తాళంచెవి దారానికి కట్టి మెడలో వేసుకున్నాడు.

ఆ నెలలోనే హిందూపురం నుంచి గుండయ్య శెట్టి అనే బట్టల వ్యాపారి వచ్చాడు. ఒక పెద్దింటి పెళ్ళికి ఆడపడుచులందరూ ఒకే రకం చీరలు కడతారట. ఇరవై నాలుగు కావాలి, పెద్ద అంచులో హంసల వరుస ఉండాలి. ఇవి బాగా కుదిరితే ఇకమీదట తన దుకాణానికి పట్టుచీరలన్నీ ఇక్కడే నేయిస్తానన్నాడు. ఓబులేసు కళ్ళ ముందు పన్నెండు మగ్గాలు ముప్పై అయినట్టు కనిపించాయి.

డిజైన్ తానే ఎక్కించాడు. మధ్యలో తెర మీద ఏదో ప్రశ్న వచ్చింది. అదేమిటో తెలియలేదు. కంపెనీ మనిషిని అడుగుదామని ఫోన్ తీశాడు. మూడు రోజులు ఏం విన్నావయ్యా అనుకుంటాడేమోనని మళ్ళీ జేబులో పెట్టేశాడు. ఏదైతే అదవుతుందని ‘అవును’ అని నొక్కేశాడు.

పట్టుచీర నేసేటప్పుడు చీర ముఖం కిందికి ఉంటుంది. నేసేవాడికి కనిపించేది వెనకవైపు, అక్కడంతా జరీ పోగుల చిక్కే. అందుకే మగ్గం కింద చిన్న అద్దం పెట్టుకుని, అప్పుడప్పుడు వంగి చూసుకుంటారు. పని మొదలైన నాలుగో రోజున అట్టల పని పోయాక షెడ్డులో పోగులు సర్దుతున్న రమీజాబీ ఒక అద్దంలోకి తొంగి చూసి, నేరుగా ఓబులేసు దగ్గరికి వచ్చింది.

“అన్నా, హంసలు తలకిందులు పడతాండాయి. చీర కడితే కాళ్ళు పైకుంటాయి. ఒకసారి వచ్చి చూడు” అంది.

ఓబులేసు లేవబోయాడు. కానీ మగ్గాల మీద పన్నెండు మందీ వింటున్నారు.

“కొత్త మిషన్ సంగతి నీకేం తెలుసు?” అన్నాడు. “అట్టలు కొట్టుకునేదానివి, నీకెందుకు ఇవన్నీ? ఇంకోసారి నా పనిలో వేలు పెడితే రేపట్నుంచి రావద్దు.”

రమీజాబీ తల దించుకుని వెళ్ళి తన చోట కూర్చుంది. ఓబులేసు అద్దంలో చూడనే లేదు. చూస్తే ఏం కనిపిస్తుందో ఆయనకు తెలుసు. ఏదో ఒకలా సర్దుకుంటుందిలే అని తనకు తాను చెప్పుకున్నాడు. మగ్గాలు మళ్ళీ ఆడసాగాయి.

మూడు వారాలకు చీరలు పూర్తయ్యాయి. శెట్టి వచ్చి చాప మీద కూర్చుని మొదటి చీర విప్పాడు. రెండోది విప్పాడు, మూడోదీ విప్పాడు. హంసలన్నీ కాళ్ళు పైకెత్తి పడి ఉన్నాయి. పెళ్ళి ఇంక తొమ్మిది రోజులే ఉంది.

“ఏందప్పా ఇది? పెళ్ళికి చచ్చిన పక్షులను కట్టుకుంటారా ఎవరైనా?” అన్నాడు శెట్టి.

అప్పుడైనా ఓబులేసు నిజం చెప్పి ఉంటే చీరలు మాత్రమే పోయేవి. కానీ అలవాటు పడిన నాలుక ఊరుకోదు కదా. ఆయన చెయ్యి రమీజాబీ వైపు లేచింది.

“డిజైన్ ఎక్కించింది ఈమె శెట్టీ” అన్నాడు.

రమీజాబీ నమ్మలేనట్టు ఆయన ముఖం వైపే చూస్తూ ఉండిపోయింది. నేతగాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. శెట్టి తాళం వేసి ఉన్న కంప్యూటర్ గది వైపు చూసి అడిగాడు.

“మరి ఆ గది తాళంచెవి నీ మెడలో ఏల ఉంది ఓబులేసూ?”

ఓబులేసు చెయ్యి గబుక్కున వెళ్ళి తాళంచెవిని కప్పేసింది. ఆయనకు తల కొట్టేసినట్టయింది. శెట్టి చీరలను చాప మీదే వదిలేసి వెళ్ళిపోయాడు. రమీజాబీ తన సుత్తి, పనిముట్లు ఒక గుడ్డలో మూటకట్టుకుని, ఎవరితోనూ చెప్పకుండా వెళ్ళిపోయింది.

మూడు రోజులు ఓబులేసు షెడ్డు వైపు వెళ్ళలేదు. నలుగురికీ ముఖం చూపించలేకపోయాడు. ఆయన భార్య ఓదార్చలేదు సరికదా, “చీరలు పోతే మళ్ళా నేయిస్తావు. ఆ మనిషి పేరు పోగొట్టినావే, దాన్ని యాడ నేయిస్తావు?” అంది.

నాలుగో రోజు పొద్దున్నే రమీజాబీ ఇంటికి వెళ్ళి, వాకిట్లో నిలబడి, తప్పంతా తనదేనన్నాడు. తల మాత్రం ఎత్తలేకపోయాడు.

“నాకు చెబితే ఏం లాభమన్నా?” అంది రమీజాబీ. “నిన్న ఇంకో షెడ్డాయన పనికి రమ్మన్నాడు. సాయంత్రానికే వద్దని కబురు పంపినాడు. ఇరవై నాలుగు చీరలు చెడగొట్టిన దాన్ని ఎవరు పెట్టుకుంటారు? నువ్వు నలుగురిలో అన్నావు. ఆ నలుగురిలోనే చెప్పు.”

ఆ మాట న్యాయమే. ఓబులేసు అదే రోజు నేతగాళ్ళందరినీ షెడ్డులో కూర్చోబెట్టాడు. రమీజాబీ గడప దగ్గర నిలబడింది. అందరూ వినేలా శెట్టికి ఫోన్ చేశాడు. తరువాత ఆ షెడ్డాయనకూ చేశాడు. మిషన్ సంగతి తనకు సగం కూడా తెలియదని, తెలియకుండానే డిజైన్ ఎక్కించానని, రమీజాబీ ముందే చెప్పినా వినలేదని, పైగా ఆమె మీద అబద్ధం చెప్పానని ఇద్దరికీ చెప్పాడు. ఇంతకు మించిన సిగ్గు ఇక బతుకులో ఉండదనుకున్నాడు.

అప్పుడు అందరిలోకీ పెద్దవాడైన కుళ్ళాయప్ప మెల్లగా నోరు విప్పాడు.

“మాకూ తెలుసు ఓబులేసూ. రమీజా చెప్పిన రోజే అందరమూ అద్దాల్లో చూసినాం.”

ఓబులేసు నిర్ఘాంతపోయాడు. “తెలిసీ మూడు వారాలు నేసినారా? ఒక్కరన్నా ఎందుకు చెప్పలేదు?”

కుళ్ళాయప్ప నేల వైపు చూస్తూ అన్నాడు. “చెప్పిన మనిషిని నువ్వేమన్నావో విన్నాం కదప్పా. మాకూ పిల్లలుండారు.”

పన్నెండు మందిలో ఒక్కరూ తల ఎత్తలేదు. వాళ్ళకూ సిగ్గుగానే ఉంది. కానీ ఆ సిగ్గు కూడా తాను పెట్టిందేనని ఓబులేసుకు అర్థమైంది. రోజూ పక్కనే కూర్చుని పనిచేసే మనుషులను తానే మూగవాళ్ళను చేసుకున్నానని కుమిలిపోయాడు.

శెట్టి మళ్ళీ రాలేదు. రమీజాబీ తనను పనికి పిలిచిన ఆ షెడ్డులోనే చేరి, కంప్యూటర్ నేర్చుకుని, డిజైన్లు వేయసాగింది. మూడేళ్ళలో అక్కడ ముప్పై మగ్గాలయ్యాయి. ఓబులేసువి ఇప్పటికీ పన్నెండే. కొత్త డిజైన్ ఎక్కించిన ప్రతిసారీ ఆయన నేతగాళ్ళ దగ్గరికి వెళ్ళి తప్పుందేమో చూడమని అడుగుతాడు. వాళ్ళు నోరు తెరిచి చెప్పడానికి మాత్రం ఏడాది పట్టింది.

కొత్త యంత్రం తెచ్చినంత మాత్రాన వ్యాపారం పెరగదు. తనకు తెలియదని ఒప్పుకోలేని యజమాని దగ్గర, తెలిసినవాళ్ళు కూడా నోరు మూసుకుంటారు.